తాతయ్య తుపాకీకి నిపుల్ కావాలి. ఆన్‌లైన్ వేలంలో కొనొచ్చా?

లంకరైతు (పి.గన్నవరం దగ్గర లంక)

అందరికీ నమస్కారమండి. ఈ వేదికలో పాత రేడియోలు, గడియారాల గురించి చదువుతుంటాను గానీ రాయడం ఇదే మొదలు.

మా తాతయ్యకి పంట కాపలా కోసమని లైసెన్సు మీద ఇచ్చిన తుపాకీ ఒకటుంది. మూతి వైపు నుంచి మందు పోసి, గజంతో (పొడుగాటి కడ్డీ) దట్టించి, నిపుల్ (గొట్టం వెనక స్క్రూలా బిగించే చిన్న రంధ్రపు ముక్క) మీద టోపీ (దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న మూత) పెట్టి, గుర్రం (సుత్తిలా పడే మీట) వదిలి పేల్చే రకం. తాతయ్య పోయి పద్నాలుగు నెలలైంది. లైసెన్సు నా పేరు మీదకి మార్పించుకుందామని మొన్న అటక మీంచి దించాను. నిపుల్ మూతి అరిగిపోయింది. గుర్రం పెదవి పగిలింది. గజమైతే అసలు లేనే లేదు, ఏ మల్లెపందిరికి ఊతం పెట్టేశారో.

డల్లాస్‌లో ఉండే మా బావ అక్కడి ఆన్‌లైన్ వేలంలో ఒకటి చూపించాడు. వాడిన నిపుల్స్ ఆరు, గుర్రం ఒకటి, కలిపి 38 డాలర్ల దగ్గరుంది పాట. ఇంకో రెండ్రోజుల్లో ముగుస్తుంది. సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో పడేసుకొస్తానంటున్నాడు. ఇక్కడ మన దేశంలో ఒక పేజీలో తుపాకీకి తుపాకీయే "యాంటిక్, లైసెన్స్ అవసరం లేదు" అని 35 వేలకి పెట్టారు. రెండింట్లో ఏది నయమంటారు?

పులసపులుసు (రావులపాలెం)

మీ లంకలో పందులు తుపాకీకి కాదండి, మీ తాతగారి దగ్గుకి పారిపోయేవి. ఆ దగ్గు రికార్డు చేసి పెట్టుకోవాల్సింది.

రిటైర్డ్ రైటరు (కాకినాడ)

లంకరైతు గారూ, ఏది నయమో తర్వాత చూద్దాం. ఆ తుపాకీ ఇప్పుడు ఎక్కడుంది?

లంకరైతు

ఇంట్లోనేనండి. గోనెసంచిలో చుట్టి మళ్ళీ అటక మీద పెట్టాను.

రిటైర్డ్ రైటరు

అదీ సంగతి. నేను ముప్పై ఏళ్ళు స్టేషన్లలో రాతపని చేసినవాణ్ణి. చెప్పేది కోపంతో కాదు, వినండి.

లైసెన్సు మీ తాతగారి పేరు మీదుంది. ఆయనతోనే అది ముగిసింది. ఆ తర్వాత ఆ తుపాకీ ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. ఆయుధాల చట్టం 1959లో 21వ సెక్షన్ చెప్పేది ఇదే: దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే ఆలస్యం చెయ్యకుండా స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చెయ్యాలి. ఎన్నికలప్పుడు మీ తాతగారు తెచ్చి ఇచ్చేవారే, అలాగే. రసీదు తీసుకోండి. వారసుడిగా మీరు పెట్టే దరఖాస్తుకి ఆ రసీదే ఆధారం. పాత కాగితాలు కాకినాడ కలెక్టరేటువి అయి ఉంటాయి. 2022 ఏప్రిల్లో కోనసీమ విడిపోయింది కాబట్టి ఇప్పుడు మీరు వెళ్ళాల్సింది అమలాపురం.

ఇక విడిభాగాలు. చట్టంలో ఆయుధం అంటే ఆయుధం ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా. చిన్నచిన్న భాగాలకి 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే అది వర్తిస్తుంది. మీరేమో బిగించడానికే తెప్పిస్తున్నారు. బయటి దేశం నుంచి తేవాలంటే 10వ సెక్షన్ కింద దిగుమతి లైసెన్సు విడిగా కావాలి. మీ బావగారికి చెప్పండి, ఎయిర్‌పోర్టులో స్కానరు దగ్గర నిలబడి "ఇది మా తాతయ్య తుపాకీది సార్" అంటే నవ్వి వదిలెయ్యరు. పండక్కి వచ్చిన మనిషి పండగంతా అక్కడే.

లేత్ మావయ్య (తణుకు)

చట్టం సంగతి రైటరు గారు చెప్పారు. నేను మర (స్క్రూ చుట్లు) సంగతి చెబుతాను.

ఇలాంటి నిపుల్ పట్టుకుని మా షాపుకి ఏడాదికి ఒకరైనా వస్తారు, "మావయ్యా, ఇలాంటిదే ఒకటి తిప్పి పెట్టు" అని. పెట్టను. లైసెన్సు లేకుండా తుపాకీ సామాను చెయ్యడం, బాగుచెయ్యడం కూడా నేరమే. కానీ వచ్చినవాడి నిపుల్‌ని వెర్నియర్ పెట్టి కొలిచి చూస్తాను, అది నా జబ్బు.

అమెరికా తుపాకులకి ఎక్కువగా వాడే నిపుల్ మర పావు అంగుళం, అంగుళానికి 28 చుట్లు. స్పెయిన్, ఇటలీలో తయారైన చాలావాటికి మిల్లీమీటర్ల లెక్క, ఆరు మిల్లీమీటర్లు. పావు అంగుళం అంటే 6.35. తేడా మూడోవంతు మిల్లీమీటరు. ఫోటోలో కాదు కదా, చేత్తో పట్టుకున్నా తెలీదు. ఆరు మిల్లీమీటర్లది పావు అంగుళం రంధ్రంలో పెడితే రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, బిగిసినట్టే ఉంటుంది. నిజానికి అంచుల మీద వేలాడుతోంది. మందు పేలినప్పుడు అది లోపలే ఉంటుందా? గుర్రం వైపు, అంటే మీ కంటి వైపు లేస్తుంది. ఇక మన దగ్గర చేత్తో మర కోసిన పాత తుపాకీ అయితే దాని కొలత దానిదే, ఏ దేశపు నిపులూ సరిగ్గా కూర్చోదు. "ఆరు నిపుల్స్, అన్నిటికీ సరిపోతాయి" అని వేలంలో రాశాడంటే వాడు కొలవలేదని అర్థం.

ఒహాయో గోదారోడు (సొంతూరు నరసాపురం)

ఆలస్యంగా చూశాను, సారీ. ఇక్కడ నేను పన్నెండేళ్ళుగా ఈ సరదాలో ఉన్నాను. పక్క రాష్ట్రం ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అని చిన్న ఊరుంది, 1933లో మొదలైన జాతీయ మజిల్ లోడింగ్ (మూతి నుంచి మందు కూరే) రైఫిల్ సంఘం వాళ్ళ మైదానం అక్కడే. ఏడాదికి రెండుసార్లు పోటీలకి వెళతాను. కాబట్టి ఆన్‌లైన్ వేలంలో చెయ్యి కాల్చుకున్నవాడిగా కొంచెం పొడుగ్గా రాస్తాను.

మొదటిసారి కొన్నది 180 డాలర్లు. 1970ల్లో కిట్‌గా వచ్చి ఎవరో ఇంట్లో కూర్చుని బిగించుకున్న రైఫిలు. ఫోటోలు తొమ్మిది. కొయ్య మీద వార్నిష్ మెరుస్తోంది, ఇత్తడి మెరుస్తోంది. వివరం ఒక్క వాక్యం: "మా తాతయ్య బీరువాలో దొరికింది, నాకు తుపాకుల గురించి ఏమీ తెలీదు, ఉన్నదున్నట్టు అమ్ముతున్నాను." అప్పట్లో పాపం అమాయకుడనుకున్నాను. పదిసార్లు చూశాక తెలిసింది, ఆ వాక్యం రాసేవాళ్ళలో చాలామందికి అన్నీ తెలుసు. తెలీదంటే తర్వాత తిరిగివ్వమని అడగలేం కదా.

పెట్టె వచ్చాక గొట్టంలోకి లైటు వేస్తే లోపల మన కాలవ గట్టు మీద ఎండ్రకాయ బొరియల్లా గుంటలు. ఈ రకం తుపాకి మందు మండాక మిగిలే మసి గాలిలో తేమని లాగుతుంది. పేల్చిన సాయంత్రమే వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే లోపల తినేస్తుంది. వాడెప్పుడో పేల్చి అలాగే బీరువాలో పెట్టాడు. ఫోటోలో కనబడేది గొట్టం బయట. నేను డబ్బిచ్చింది లోపలికి.

ఇంకో సంగతి ఇక్కడివాళ్ళకే చాలామందికి తట్టదు. 1968 చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి, ఆ తర్వాతవైనా ఇలా మూతి నుంచి మందు కూరే నకళ్ళు, ఫెడరల్ లెక్కలో "యాంటిక్". మామూలు తుపాకీ కొంటే అది లైసెన్సున్న డీలరు షాపుకి వస్తుంది, అక్కడ విప్పి చూసి నచ్చకపోతే వద్దనొచ్చు. ఇది నేరుగా గుమ్మం ముందు పడుతుంది. అంటే నాకన్నా ముందు తెలిసిన మనిషి ఎవరూ చూడరు. సుఖంగా ఉందనుకున్నదే ముప్పు. (లంకరైతు గారి బావ వీసా మీద ఉంటే ఇంకో మాట: ఫెడరల్ చట్టం అలా ఉంది గానీ రాష్ట్రాల చట్టాలు వేరు. పాటకి ముందు తన రాష్ట్రం సంగతి చూసుకోమనండి.)

కంపెనీ పేరు చూసి ధైర్యపడొద్దు. సీవీఏ అనే ఇక్కడి తుపాకుల కంపెనీ వాళ్ళు 1997లో తమ ఇన్‌లైన్ రైఫిళ్ళు (నిపుల్ గొట్టం వెనక తిన్నగా ఉండే రకం) కొన్నిటిని వెనక్కి పిలిచారు. సీరియల్ నంబరు చివర 95 గానీ 96 గానీ ఉన్నవి, గొట్టం పగిలే ప్రమాదం ఉందని. అలా పిలిచారని తెలీని మనిషి అటక మీంచి దించి వేలంలో పెట్టాడనుకోండి, కొనేవాడికి చెప్పేదెవరు? అందుకే నంబరు ఫోటో పంపమంటాను. "నంబరు ప్రైవసీ" అన్నవాడికి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటాను. ఇటలీవైతే నయం. గార్దోనె అనే ఊళ్ళో పరీక్షించి కొట్టే ప్రూఫ్ ముద్ర పక్కన చిన్న పెట్టెలో ఏడాది కోడ్ ఉంటుంది, ఈ పాతరకం మందుకి పరీక్షించారనడానికి "పీఎన్" అని కొడతారు. ఆ ముద్రలు అరగదీసి ఉంటే ఎందుకు అరగదీశాడో నేను అడగను.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మాత్రం మూడో తుపాకీ. పెట్టె విప్పి అలవాటుగా గజం దింపాను. మధ్యలో ఆగింది. నిండి ఉంది. మందు, గుండు, అన్నీ లోపలే. పోస్టులో నాలుగు రాష్ట్రాలు దాటి నా వంటింటి బల్ల మీదకొచ్చింది. పక్క గదిలో మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటోంది.

పులసపులుసు

అమ్మో. ఈసారి జోకు లేదు.

పాతసామాను (పాలకొల్లు)

ఆ 35 వేల "యాంటిక్" లింకు లంకరైతు గారు నాకు విడిగా పంపారు. చూశాను. లాక్ ప్లేటు (గుర్రం బిగించే పక్క రేకు) మీద కిరీటం, కింద "టవర్", పక్కన 1857. బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా అన్నమాట. 1857 అనగానే సిపాయిల తిరుగుబాటు గుర్తొచ్చి ధర పెరుగుతుందని ఆ అంకె కొడతారు. పెద్దది చేసి చూస్తే ఆ ప్లేటుని పట్టుకున్న స్క్రూకి ప్లస్ గాడి ఉంది. ప్లస్ గాడి స్క్రూలు వచ్చింది 1930లలో. మంగళ్ పాండే చేతిలో స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టినట్టుంది. ఇంకో ఫోటోలో ఇంగ్లీషు అక్షరం ఒకటి తిరగబడి ఉంది, అద్దంలో చూసినట్టు. తుప్పు కూడా ఆసిడ్ తుప్పు, ఒకే రంగులో ఒళ్ళంతా పట్టింది. నిజమైన తుప్పు చెయ్యి పడేచోట పలచగా, కొయ్య కింద దాక్కున్నచోట మందంగా ఉంటుంది.

మన డెల్టాలో ఈ కథలకి కొదవేం లేదు. మా పాలకొల్లులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి కాబట్టి తుప్పు గొట్టమైతే చాలు "డచ్చివాళ్ళది" అంటారు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళ ఫ్యాక్టరీ ఉండేది, యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, అటు ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ చెందుర్తి యుద్ధం 1758లో. కొనేవాడి ఊరిని బట్టి తుపాకీ జాతి మారుతుంది.

"లైసెన్స్ అవసరం లేదు" అనేది ఇంకా పెద్ద మాయ. పాతదైతే చాలదు. పేలకూడదు, బాగు చేసినా పేలే స్థితిలో ఉండకూడదు, అప్పుడే మినహాయింపు. పేలుతుందో లేదో తేల్చేది అమ్మేవాడి వాట్సాప్ మెసేజ్ కాదు. నిజంగా వందేళ్ళు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం వస్తుంది, దాన్ని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. అంటే అది నకలైతే మీరు మోసపోయినట్టు, అసలైతే వాడు నేరం చేస్తున్నట్టు.

పేరు వద్దు (భీమవరం)

కొత్త ఐడీతో రాస్తున్నాను, క్షమించండి. ఇలాంటి పేజీలోనే నేను రెండేళ్ళ కిందట పన్నెండు వేలు అడ్వాన్సు కట్టాను. హాల్లో గోడకి పెట్టుకుందామని. తర్వాత కొరియర్‌కి నాలుగు వేలు, "తిరిగొచ్చే పర్మిట్ డిపాజిట్" అని ఆరు వేలు. ఆపైన ఫోన్ స్విచాఫ్. మా ఆవిడకి ఈరోజుకీ తెలీదు.

బాధ డబ్బు గురించి కాదు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? లైసెన్సు లేకుండా తుపాకీ కొనబోతే మోసం చేశారండీ అనా? వాడికి తెలుసు నేను నోరు విప్పనని. ఆ ధైర్యంతోనే అడిగాడు మూడోసారి కూడా.

రిటైర్డ్ రైటరు

భీమవరం బాబూ, అయినా ఫిర్యాదు ఇవ్వండి. మీ చేతికి తుపాకీ రాలేదు, పోయింది మీ డబ్బు. ముందు తెలిసిన లాయరుతో ఒకసారి మాట్లాడి, ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచి రాస్తేనే తలనొప్పి.

లంకరైతు

అందరికీ థాంక్స్ అండి. 35 వేలది వదిలేశాను. బావ మాత్రం వినట్లేదు, "నిపుల్స్ గుండుసూదంత ఉంటాయి, ఎవడు చూస్తాడు" అంటున్నాడు. పాట 47కి పోయింది, ఇంకొకడెవడో పోటీ పడుతున్నాడట.

ఒహాయో గారూ, మీ మూడో తుపాకీ కథ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మాది నిండి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? గజం కూడా లేదు.

ఒహాయో గోదారోడు

ఆ పోటీ పడేవాడు నిజంగా ఉన్నాడో, అమ్మేవాడి తమ్ముడో మీ బావని అడగండి.

తుపాకీ సంగతి. నిపుల్ మీద టోపీ లేదని చూడండి. గుర్రాన్ని ముట్టుకోవద్దు. మూతి ముందు మనిషి, పశువు, ఇల్లు ఏదీ ఉండకూడదు, మీ తల, అరచెయ్యి మూతి మీదకి రాకూడదు. సన్నటి కర్ర, ఇనుము వద్దు, పక్కనుంచి మెల్లగా లోపలికి జార్చండి. పొడవద్దు. ఆగినచోట మూతి దగ్గర సుద్దముక్కతో గీత పెట్టి బయటికి తీసి, అదే కర్రని గొట్టం పక్కన బయట పెట్టి చూడండి. కర్ర చివర నిపుల్ దాకా వస్తే ఖాళీ. రాకపోతే, మధ్యలో ఉన్నదేమిటో మీకు తెలుసు.

రిటైర్డ్ రైటరు

నేనైతే అది కూడా చెయ్యొద్దంటాను. ముట్టుకోకుండా స్టేషన్‌కి కబురు పెట్టండి.

లంకరైతు (మర్నాడు)

రైటరు గారూ, కోప్పడకండి. మీ పోస్టు చూసేలోపే చేసేశాను.

పొద్దున్నే కొబ్బరితోటలో గట్టు మీద మూతి ఏటి వైపు పెట్టి పడుకోబెట్టాను. మా తమ్ముడి గేలపు కర్ర తెచ్చి లోపలికి జార్చాను. గీత పెట్టి తీసి పక్కన పెడితే మూడున్నర అంగుళాలు తక్కువొచ్చింది. తప్పు కొలిచానేమో అనుకుని మళ్ళీ పెట్టాను. మూడున్నరే.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తాతయ్య దాన్ని పేల్చడం చూడలేదు. చిన్నప్పుడు దాంతో దొంగా పోలీసూ ఆడుకున్నాం. కొయ్య మీద నా పంటి గాట్లున్నాయి.

లేత్ మావయ్య

దాన్ని అక్కడే వదిలెయ్, దగ్గర మనిషిని పెట్టు. మందు పాతబడింది కదా అనుకోకు. ఈ మందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళైనా బతికే ఉంటుంది.

ఒహాయో గోదారోడు

మావయ్యగారి మాట అక్షరాలా నిజం. 2008లో వర్జీనియాలో ఒక పాత వస్తువుల సేకర్త అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండు శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. ఆ గుండుకి అప్పటికి నూట నలభై ఏళ్ళ పైమాటే. మీరు తీసే ప్రయత్నం చెయ్యకండి ప్లీజ్.

లంకరైతు (తొమ్మిది రోజుల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. ఆరోజే స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఎస్సై గారు ముందు తిట్టారు, తర్వాత టీ ఇప్పించారు. పద్నాలుగు నెలల ఆలస్యానికి సంజాయిషీ రాసిచ్చాను, తాతయ్య మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు జత చేశాను. తుపాకీ జమ అయింది, రసీదు వచ్చింది. జిల్లా ఆర్మరర్ (పోలీసు ఆయుధాలు చూసుకునే ఆయన) గారు నీళ్ళు పోసి నానబెట్టి లోపలున్నది తీశారట. మొన్న కాగితాల పని మీద వెళితే పాత పేపరు మీద పోసి చూపించారు. నల్లటి ముద్ద, వేరుశనగ గింజలంత సీసం గుళ్ళు ఓ గుప్పెడు, పైనా కిందా దట్టించిన కొబ్బరిపీచు. పీచు రంగు కూడా పోలేదు, నిన్న ఒలిచినట్టుంది.

మామ్మకి చెబితే చాలాసేపు ఆలోచించింది. "86 వరదకి ముందు పందులు మరీ ఎక్కువై నింపాడు. ఈలోపు ఏరొచ్చింది. పందులూ పోయాయి, పంటా పోయింది" అంది.

రిటైర్డ్ రైటరు

86 నుంచి ఎన్ని ఎన్నికలు జరిగాయి! ప్రతిసారీ ఆ తుపాకీ ఏదో ఒక స్టేషన్లో మా బల్లల పక్కనే నిలబెట్టి ఉంటుంది. మేం నంబరు చూసి రసీదు రాసేవాళ్ళం. గొట్టంలో పుల్ల పెట్టి చూసిన పాపాన పోలేదు. నేనూ ముట్టుకున్నానేమో.

పులసపులుసు

బావగారి పాట ఏమైంది?

లంకరైతు

61 డాలర్లకి గెలిచాడండి. పోస్టేజీ ఇంకో పద్నాలుగు. పెట్టె విప్పితే ఆరింటిలో రెండింటికి మర లేదు, ఒకటి రంధ్రం మూసుకుపోయింది, గుర్రం ఎడమచేతి వైపుది. వాపసు లేదన్నారు. సంక్రాంతికి చేతులూపుకుంటూ వస్తానన్నాడు, అదొక్కటీ మంచి పని చేశాడు. మాదాని నిపుల్ సంగతి, లైసెన్సు వస్తే అప్పుడు లైసెన్సున్న డీలరు దగ్గరే చూస్తాను.

ఆ నిపుల్స్ ఇక్కడెవరికైనా పనికొస్తాయేమో అడగమన్నాడు బావ. అడిగితే రైటరు గారు నామీద కేసు పెడతారా?

రిటైర్డ్ రైటరు

పెడతాను.